రెండు ఆస్పత్రులు, ఒకటే మాత్ర

ఈరోజంతా ఆస్పత్రుల్లోనే గడిచిపోయింది. పొద్దున గవర్నమెంటుది, సాయంత్రం ప్రైవేటుది. వారం రోజులుగా నాన్నకి లేచి నిలబడితే కళ్ళు తిరుగుతున్నాయి. మొన్న బాత్రూంలో గోడ పట్టుకుని ఆగిపోయారట. అమ్మ చూసి చెప్పింది. ఆయన చెప్పలేదు, ఎప్పుడూ చెప్పరు.

ఏడున్నరకే ఓపీ చీటీ లైన్లో నిలబడ్డాను. నాన్నని కూర్చోబెట్టిన బెంచీకి ఒక కాలు లేదు, ఇటుకలు పేర్చారు. కౌంటర్లో ఆయన తల ఎత్తలేదు. "పేరు, వయసు" అన్నాడు, అంతే. అటెండరు "లైన్లో, లైన్లో" అని అరుస్తూ తిరుగుతున్నాడు, లైను తప్పినవాళ్ళు ఒక్కరూ లేరు. డాక్టరు గదిలోకి వెళ్ళేసరికి రెండున్నర గంటలు. ఆలోపే నా మనసులో మార్కులు పడిపోయాయి.

మార్కులంటే ఊరికే అనలేదు. ఎంబీఏలో నా ప్రాజెక్టు ఇదే. రెండు రకాల ఆస్పత్రుల్లో సేవల గురించి రోగులు ఏమనుకుంటున్నారో కనుక్కోవడం. 1988లో పరశురామన్, జైథామల్, బెర్రీ అనే ముగ్గురు తయారుచేసిన 'సర్వ్‌క్వాల్' ప్రశ్నల కాగితం పట్టుకుని వార్డుల్లో తిరిగాను. 22 ప్రశ్నలు, ఒక్కోటీ రెండు రకాలుగా అడిగి ఏడుకి మార్కులు వేయించాలి. మంచి ఆస్పత్రి ఎలా ఉండాలనుకుంటున్నారు, ఇక్కడ ఎలా ఉంది అని. రెండోదాన్లోంచి మొదటిది తీసేస్తే వచ్చేదే నాణ్యత. రోగులేమో "ఇందాకే చెప్పాను కదా" అని విసుక్కుని, మొదటి 22 ప్రశ్నలకీ కళ్ళు మూసుకుని ఏడుకి ఏడు వేసేవారు. నేను కూడా అంతకన్నా తెలివిగా ఏమీ చేయలేదు, సగటు తీసి ప్రాజెక్టు ఇచ్చేశాను.

డాక్టరు కుర్రాడు. నిద్ర లేని మొహం. నాన్న తెచ్చిన మాత్రల షీట్లు చేతిలోకి తీసుకుని ఒక్కోటీ వెనక్కి తిప్పి చదివాడు. పడుకోబెట్టి బీపీ చూశాడు. తర్వాత పట్టీ విప్పకుండానే లేపి నిలబెట్టి, తనూ పక్కనే నిలబడి, మూడు నిమిషాలయ్యాక మళ్ళీ చూశాడు. ఆ పట్టీ సరిగ్గా అంటుకోవట్లేదు, అంతసేపూ చేత్తో అదిమి పట్టుకున్నాడు. అవతల జనం తలుపు తోసేస్తున్నారు. పై అంకె 20 పాయింట్లకి మించి పడిపోయింది. "నిలబడితే బీపీ తగ్గిపోతోంది పెద్దాయనా, కళ్ళు తిరగడం అందుకే" అని బీపీ మాత్ర సగానికి తగ్గించాడు. మంచం దిగేముందు కాసేపు కూర్చుని లేవమన్నాడు.

నాకు నమ్మకం కుదర్లేదు. ఆ పట్టీతో చూసిన బీపీ ఏం బీపీ? ఇంటికొచ్చాక కూడా అదే టెన్షన్. సాయంత్రం నాన్న వద్దంటున్నా ప్రైవేటుకి లాక్కెళ్ళాను.

అక్కడ అద్దాల తలుపు, రిసెప్షన్‌లో నవ్వు, అడక్కుండానే వీల్‌చైరు. ఈసీజీ తీశారు, రక్తం తీశారు. ఇక టోకెన్ల స్క్రీన్ ముందు కూర్చున్నాం. మాది 21, స్క్రీన్ మీద 17. ఎంతసేపు చూసినా 17. ఎందుకు ఆగిందో ఎవరూ చెప్పలేదు. లోపలికి పిలిచేసరికి యాభై నిమిషాలైంది. డాక్టరు రిపోర్టులూ, పొద్దుటి చీటీ చూసి "వాళ్ళు చెప్పింది కరెక్టే, అదే వాడండి" అన్నారు. నాలుగు నిమిషాల్లో బయటికొచ్చేశాం.

అయితే ఒకటి ఒప్పుకోవాలి. బయట సిస్టర్ పది నిమిషాలు నాన్న ఎదురుగా కూర్చుని, ఏ మాత్ర ఎప్పుడో కవర్ల మీద పెద్ద అక్షరాలతో రాసి, సగం మాత్ర ఎలా విరవాలో చూపించింది. కళ్ళు తిరిగితే ఏం చేయాలో నాన్న చేతే చెప్పించుకుంది. పొద్దున ఈ పని ఎవరూ చేయలేదు.

వచ్చేటప్పుడు ఒకమ్మాయి ట్యాబ్ పట్టుకొచ్చింది, ఐదు మొహం బొమ్మలు. నాన్న అన్నిటికన్నా బాగా నవ్వుతున్నదాని మీద నొక్కారు.

"అంత నచ్చిందా నాన్నా?" అన్నాను దార్లో.

"ఆ పిల్ల ఎదురుగా నిలబడి చూస్తుంటే ఇంకేది నొక్కుతాను? నాకు పొద్దుటిదే బాగుంది."

"రెండున్నర గంటలు కూర్చోబెట్టారు కదా!"

"అంతసేపా? పక్కనాయన వాళ్ళబ్బాయి గొడవంతా చెబుతుంటే తెలీలేదు. విసుగొచ్చింది ఇక్కడే. పదిహేడు, పదిహేడు."

క్యూల్లో ఎదురుచూడటం గురించి డేవిడ్ మైస్టర్ అనే మేనేజ్‌మెంట్ రచయిత 1985లో రాసింది అచ్చం ఇదే. ఒంటరిగా, పనేమీ లేకుండా, కారణం తెలియకుండా ఎదురుచూసే సమయం పెద్దదిగా అనిపిస్తుందని. నా ప్రాజెక్టులో ఆ మాట ఒక పేరాగ్రాఫులో ఇరికించాను కూడా.

కాసేపాగి ఆయనే అన్నారు, "అక్కడ మనల్ని ఎవడు పట్టించుకుంటాడులే అనుకుని వెళ్ళాను. ఆ కుర్రాడు నా పక్కనే నిలబడ్డాడు." 22 ప్రశ్నల తీసివేత నాన్న రెండు ముక్కల్లో చేసేశారు. నేనేమో ఇంకా బెంచీ కింది ఇటుకల దగ్గరే ఉన్నాను.

వచ్చే వారం మళ్ళీ బీపీ చూపించాలి. ఎక్కడికి వెళ్దామని అడిగాను.

"ఆ కుర్రాడి దగ్గరికే" అన్నారు. "చీటీ లైన్లో మాత్రం నువ్వే నిలబడాలి."