చేతిలో క్యారేజీతో బిల్ విథర్స్
నైట్ షిఫ్ట్ అయ్యాక కంపెనీ బస్సులో కూర్చున్నా. ఫోన్‌లో దానంతట అదే అమెరికన్ సింగర్ బిల్ విథర్స్ పాట ‘ఎయింట్ నో సన్‌షైన్’ మొదలైంది. పాట మధ్యలో ‘ఐ నో, ఐ నో’ అంటూ ఒకటే మాట. వేళ్ళ మీద లెక్కపెట్టా, 26 సార్లు! అక్కడ వేరే లైన్లు రాద్దామనుకున్నాడట. స్టూడియోలో వాయించేవాళ్ళు అలాగే ఉంచెయ్ అన్నారట. బతికించారు.

ఇంటికొచ్చి నిద్ర మానేసి ఆయన గురించి చదువుతూ కూర్చున్నా. 1938లో వెస్ట్ వర్జీనియాలో స్లాబ్ ఫోర్క్ అనే బొగ్గు గనుల ఊళ్ళో పుట్టాడు. నేవీలో 9 ఏళ్ళు. తర్వాత విమానాలకి టాయిలెట్లు చేసే ఫ్యాక్టరీలో పని. మొదటి ఆల్బమ్ 1971లో వచ్చేసరికి 32 ఏళ్ళు. ఆ కవర్ ఫొటో జూమ్ చేసి చూశా. ఫ్యాక్టరీ గోడ పక్కన మనిషి, చేతిలో లంచ్ బాక్సు. అచ్చం మా గేటు దగ్గర క్యారేజీలు పట్టుకుని నిలబడే మాలాగే ఉన్నాడు.

చిన్నప్పుడు ఆయనకి నత్తి అని చదివి కాసేపు ఆగిపోయా. హాజరు పిలిచినప్పుడు ‘ప్రెజెంట్ సార్’ అనడానికి నాకు పట్టే టైమ్, వెనక బెంచీ నవ్వులు, ఆ టెన్షన్... సరే, వదిలేయండి.

1972లో ఆయన పాట ‘లీన్ ఆన్ మీ’ అమెరికాలో నంబర్ వన్. 1985 ఆల్బమ్ తర్వాత మాత్రం మళ్ళీ కొత్త ఆల్బమ్ చెయ్యలేదు, 2020లో పోయేదాకా. రికార్డు కంపెనీల పెత్తనం ఆయనకి పడలేదు. నాకైతే ఆ మొండితనం భలే నచ్చింది.

అమ్మ రెండుసార్లు తిట్టింది, ఇంకా పడుకోలేదా అని. క్యారేజీ కూడా కడగలేదు. రాత్రి 10కి మళ్ళీ బస్సు.