కొబ్బరి తాడెక్కిన హాప్స్ తీగ

ఒరెగాన్‌లో ఇల్లు కొన్న మొదటి ఏడాది, సెప్టెంబరు వచ్చేసరికి పక్కింటి పెరట్లోంచి నిమ్మతొక్క నలిపినట్టు ఒక వాసన వచ్చేది. ఏదో పూలమొక్క అనుకున్నాం. ఒకరోజు ఆ పెద్దాయనే కంచె అవతల నిలబడి చెప్పాడు, అది గంజాయి అని. ఈ రాష్ట్రంలో 2015 జులై నుంచి ఇంటికి 4 మొక్కల దాకా పెంచుకోవచ్చు. ఆయనవి సరిగ్గా నాలుగే. ఒక మొలక ఇస్తానంటే వద్దని దణ్ణం పెట్టాను. రాష్ట్రం ఒప్పుకున్నా దేశ చట్టం ఒప్పుకోదు. వీసా మీద బతికేవాళ్లకి అది గ్రీన్‌కార్డుకే ఎసరు. ఆయన నవ్వి, "అయితే దాని చుట్టాన్ని పెంచుకో" అన్నాడు.

ఆ చుట్టమే హాప్స్. తన పూలతో బీరుకి చేదూ వాసనా ఇచ్చే తీగ. వృక్షశాస్త్రంలో రెండిటిదీ ఒకటే కుటుంబం. ఈ ముక్క ఫోన్‌లో అమ్మకి చెప్పడం నేను చేసిన మొదటి తప్పు. "ఏరా, ఇందుకేనా అంత దూరం వెళ్లింది?" అంది. గంజాయిలో ఉండే మత్తు ఇందులో లేదని చెప్పాను. "మరి బీరో?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

హాప్స్‌లోనూ రకాలున్నాయి. నిమ్మజాతి వాసన కావాలంటే అందరూ ముందు చెప్పే పేరు సిట్రా. అది ఒకరి హక్కుల కింద ఉన్న రకం, మనలాంటి పెరటి రైతులకి దాని వేరుదుంపలు అమ్మరు. అందుకని క్యాస్కేడ్ తీసుకున్నాను. ఇంగ్లండు హాప్స్ రకం ఫగుల్‌కీ రష్యా రకం సెరెబ్రియాంకకీ పుట్టిన సంకరం ఇది. 1972లో ఇక్కడి కోర్వాలిస్ ఊళ్లో జరిగిన పరిశోధన నుంచే బయటికొచ్చింది. పంపరపనస తొక్క గిల్లితే వచ్చే వాసన దీనిది. ఈ వాసనల్లో మిర్సీన్ అనే పదార్థానిది పెద్ద వాటా. అది గంజాయిలోనూ ఉంటుంది, మన మామిడిలోనూ ఉంటుంది. ఈ రెండో సంగతి మాత్రమే అమ్మకి చెప్పాను.

ఏప్రిల్‌లో దుంప వచ్చింది. చూస్తే పసుపు కొమ్ముకి అన్నలా ఉంది. రెండంగుళాల లోతున పాతాను. మూడు వారాలకి మొలకలు లేచాయి. అక్కణ్ణుంచి నా తెలివితేటలు మొదలయ్యాయి.

గరాజ్‌లో ఉన్న నైలాన్ తాడు కట్టాను. తీగ నాలుగడుగులు ఎక్కేది, గాలి వీస్తే జారి కిందికి కుప్పలా పడేది. ఇది బీరతీగలా నులితీగలు వేసి పట్టుకునే రకం కాదు. ఒంటి నిండా కొక్కేల్లాంటి గరుకు నూగు ఉంటుంది, దాంతో తాడుని కరుచుకుంటుంది. నున్నటి నైలాన్ మీద అది ఏం కరుస్తుంది? పైగా నేను చుట్టిన దిక్కు కూడా తప్పే. రోజూ సాయంత్రం చుట్టేవాణ్ణి, పొద్దున్నకి విప్పుకుని వెనక్కి వాలేది. హాప్స్ ఎప్పుడూ గడియారం ముల్లు తిరిగే వైపే చుట్టుకుంటుంది.

మరి ఇక్కడి రైతులు ఏ తాడు వాడతారని పెద్దాయన్ని అడిగితే ఒక చుట్ట తెచ్చి చేతిలో పెట్టాడు. కొబ్బరి పీచు తాడు! శ్రీలంక నుంచి వస్తుందట. కోనసీమలో పుట్టినవాణ్ణి, గుమ్మం ముందు తాడు పేనుతుంటే చూస్తూ పెరిగినవాణ్ణి, నైలాన్ కట్టి నెల పోగొట్టుకున్నాను. ఆ రాత్రి నాకు నిజంగానే సిగ్గేసింది.

మొదటి ఏడాది ఇంకో పొరపాటు, ఒక్క మొలకా తుంచలేదు. పదిహేను తీగలు గుబురుగా లేచాయి. ఇక్కడ మే దాకా వాన పడుతూనే ఉంటుంది, గుబురులో తడి ఆరదు. కొన్ని మొలకలు గిడసబారి, పసుపు తిరిగి, ఆకులు కిందికి ముడుచుకున్నాయి. తిప్పి చూస్తే అడుగున నల్లటి బూజు. ఇది హాప్స్‌కి పట్టే బూజు తెగులు. ఆ మొలకలన్నీ పీకేసి, మిగిలిన తీగలకి కింద మూడడుగుల మేర ఆకులు దూసేశాక గాని నిలబడలేదు. ఆ ఏడు దక్కిన పూలు ఒక దోసెడు. దాన్నీ వడియాల్లా డెక్ మీద ఎండలో పోశాను. రంగు పోయింది, వాసన పోయింది, ఎండుగడ్డి మిగిలింది.

రెండో ఏడు మార్చిలో వచ్చిన మొలకలన్నీ కోసేశాను. చెయ్యి ఆడలేదు గాని కోశాను. మే మొదట్లో వచ్చినవాటిలో తాడుకి మూడేసి చొప్పున రెండు కొబ్బరి తాళ్లకి ఎక్కించాను. జూన్‌లో రోజుకి అడుగు దాకా పెరిగిన రోజులున్నాయి. పొద్దున కాఫీ కప్పుతో వెళ్లి కొలవడం ఒక పిచ్చి అయింది. అమలాపురంలో ఉన్న మా బావమరిది ఒక దుంప పంపమన్నాడు. ఇక్కడ జూన్‌లో పగలు 15 గంటల పైమాటే, అక్కడ 13కి అటూ ఇటూ. పొడుగు పగళ్లుంటేనే తీగ ఇంత ఎత్తుకి పాకి, తర్వాత పూతకి దిగుతుంది. అక్కడ బీర పాదు పెట్టుకోమన్నాను.

ఆగస్టు చివరికి ఆకుపచ్చ పూలు గుత్తులు గుత్తులుగా దిగాయి, వీటిని కోన్‌లు అంటారు. నొక్కితే కాగితంలా గరగరలాడాలి, చీలిస్తే లోపల పసుపుపచ్చటి పొడి కనిపించాలి. వాసనంతా ఆ పొడిదే. పొట్టి చేతుల చొక్కాతో కోతకి దిగి రెండు రోజులు గోక్కున్నాను, ఆ నూగు అలా గీరుకుంటుంది. పెద్దాయన కుక్కని మాత్రం ఇటు రానివ్వలేదు, హాప్స్ తింటే కుక్కల ప్రాణం మీదకి వస్తుంది.

పచ్చివి 1.8 కిలోలు తూగాయి. ఈసారి గరాజ్ నీడలో, కిటికీ జాలీ మీద పరిచి ఫ్యాన్ పెట్టాను. మూడో రోజుకి కోన్ మధ్యలో ఉండే ఈనె వంగకుండా పుటుక్కుమంది. తూకం వేస్తే 400 గ్రాములు. మిగిలిందంతా నీళ్లే అన్నమాట. గాలి తీసిన సంచుల్లో కట్టి ఫ్రీజర్‌లో, గోంగూర పచ్చడి డబ్బాల పక్కన పెట్టాం.

సగం పెద్దాయనకిచ్చాను. ఆయన ఇంట్లో కాచిన బీరు నాలుగు సీసాలు తెచ్చాడు. వాసన అద్భుతం, చేదు నా వల్ల కాలేదు. నాకు వేపపూత పచ్చడే నయం.

కానీ ఈ మార్చిలో కోసిన మొలకల్ని మా ఆవిడ పారెయ్యనివ్వలేదు. బెల్జియంలో వీటిని ఖరీదైన కూరగా తింటారని ఎక్కడో చదివిందట. లేతవి ఏరి, పెసరపప్పు నానబోసి, ఎండుమిర్చి, వెల్లుల్లి తాలింపు వేసింది. లేత తోటకూర కాడలా ఉంది, చివర కాస్త వగరు. పళ్లెం ఖాళీ చేశాక, "ఆ గట్టు వెంబడి ఇంకో రెండు దుంపలు పాతండి" అంది.