మాలకొండ దాకా, నిదానంగా

కందుకూరు దగ్గరి మాలకొండ లక్ష్మీనరసింహస్వామి గుడి వారంలో ఒక్క శనివారమే తెరుస్తారు. గుండె రక్తనాళాల్లో స్టెంట్లు వేయించుకున్నాక నాకు ఇదే మొదటి దూరప్రయాణం. డాక్టరుగారు ఎకో (గుండె స్కానింగ్) చూసి, గుండె పంపింగ్ బాగానే ఉంది, వెళ్ళిరండి అన్నాకే మాఘమాసంలో ఒక శనివారం చూసుకున్నాం. ఎండాకాలం మాత్రం వద్దన్నారు. మావైపు ఎండలకి చెమట పట్టి ఒంట్లో నీరు తగ్గితే బీపీ పడిపోతుంది, గుండె మీద భారం పెరుగుతుంది.

సికింద్రాబాద్‌లో పొద్దున్నే తిరుపతి వందేభారత్ ఎక్కాం. ఒంగోలు దాకా కూర్చునే వెళ్ళాలి. గంటల తరబడి కాళ్ళు కదపకుండా కూర్చుంటే పిక్కల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది. అందుకని గంటకోసారి లేచి తలుపు దాకా నడిచి వచ్చేదాన్ని. కూర్చున్నప్పుడు మడమలు ఎత్తుతూ దించుతూ ఉన్నాను. బాత్రూముకి వెళ్ళాల్సి వస్తుందని చాలామంది ఆడవాళ్ళు ప్రయాణంలో నీళ్ళు మానేస్తారు. దయచేసి అలా చేయకండి. పంపింగ్ తక్కువగా ఉండి, నీళ్ళు కొలిచి తాగమన్నవాళ్ళు మాత్రం డాక్టరు చెప్పిన లెక్కే పాటించాలి.

మందులు రెండు చోట్ల పెట్టుకున్నాను. సగం హ్యాండ్‌బ్యాగులో, సగం మా ఆయన బ్యాగులో. రక్తం పలచబడే మాత్రలు ఒక్క పూట కూడా తప్పకూడదు, తప్పితే స్టెంటులోనే గడ్డకట్టవచ్చు. డిశ్చార్జి కాగితాలు, పాత ఈసీజీ ఫోనులో ఫొటోలుగా ఉన్నాయి. కొత్త చోట డాక్టరుకి పాత ఈసీజీ చూపిస్తే, ఏం మారిందో పోల్చి చూసుకోగలుగుతారు.

ఒంగోలు స్టేషన్‌కి తమ్ముడు కారు తెచ్చాడు. టంగుటూరు, సింగరాయకొండ మీదుగా కందుకూరు. దారిలోనే వాడికీ మరదలికీ హ్యాండ్‌బ్యాగు పక్క జిప్పు తీసి చూపించాను. గుండెనొప్పికి వేసుకునే సార్బిట్రేట్ మాత్ర ఇందులో ఉంది, నొప్పి వస్తే ముందు నన్ను కూర్చోబెట్టండి, తర్వాత నాలుక కింద పెట్టండి, అయిదు నిమిషాల్లో తగ్గకపోతే 108కి ఫోన్ చేయండి అని చెప్పాను. తమ్ముడి మొహం వాడిపోయింది. "ఎందుకక్కా ఇప్పుడీ మాటలు" అన్నాడు. నేను మాత్రం ఊరుకోలేదు. కందుకూరులో ఏరియా ఆసుపత్రి ఉంది, స్టెంట్ వేసే ఆసుపత్రి కావాలంటే ఒంగోలో నెల్లూరో వెళ్ళాలి. ఆ దారి ఎంతసేపు పడుతుందో ముందే మాట్లాడుకున్నాం.

శనివారం తెల్లవారుజామునే కొండకి చేరాం. కారు పైదాకా వెళ్తుంది కాబట్టి స్వామి దర్శనం నిదానంగానే అయింది. కొండగాలి చల్లగా ఉంది, చుట్టూ పచ్చగా ఉంది, మనసు నిండిపోయింది. అమ్మవారి గుడి ఇంకా పైన, చీలిన బండల మధ్య దారిలో ఉంటుంది. కొన్ని మెట్లు ఎక్కానో లేదో కింది దవడ లాగడం మొదలైంది. నాకు గుండెనొప్పి మొదటిసారి వచ్చిందీ ఇలాగే. ఛాతీలో నొప్పే రాలేదు. దవడ, వీపు, చెప్పలేనంత నీరసం. గ్యాస్ అనుకుని రెండు రోజులు ఇంట్లోనే ఉండిపోయాం. ఆడవాళ్ళలో ఇలా రావడం కొత్తేమీ కాదని తర్వాత తెలిసింది.

అక్కడే మెట్టు మీద కూర్చున్నాను. నేను నోరు తెరిచి చెప్పేలోపే మరదలు జిప్పు తీసింది. "వదినా, నాలుక ఎత్తు" అంది. ఆ మాత్రకి బీపీ తగ్గి తల తిరుగుతుంది, అందుకే నిలబడి వేసుకోకూడదు. తమ్ముడు వాచీ చూస్తూ నా చెయ్యి పట్టుకునే ఉన్నాడు. మూడు నాలుగు నిమిషాలకి దవడ వదిలింది. ముందురోజు కారులో ఆ నాలుగు ముక్కలు చెప్పి ఉండకపోతే, ఆ జనంలో వాళ్ళు బ్యాగంతా వెతుక్కుంటూ ఉండేవారు.

పైకి వెళ్ళలేదు. మరదలు వెళ్ళి అమ్మవారి కుంకుమ తెచ్చి నా నుదుట పెట్టింది. కార్లోంచే డాక్టరుగారికి ఫోన్ చేశాం. ఇక ఎక్కడం, బరువులు మోయడం వద్దు, మళ్ళీ వస్తే, లేదా ఊరికే కూర్చున్నప్పుడు వస్తే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్ళండి అన్నారు. భైరవకోన వెళ్దామనుకున్నది మానుకున్నాం. ఆదివారం మరదలు చేసిన చేపల పులుసులో ముక్కలు తిని, పులుసు కొంచెమే కలుపుకున్నాను, ఉప్పు ఎక్కువగా ఉండేది అందులోనే కాబట్టి.

తిరిగి రాగానే ఈసీజీ తీశారు. కొత్తగా తేడా ఏమీ లేదు. ఒక మాత్ర మోతాదు పెంచి, ట్రెడ్‌మిల్ టెస్ట్ చేశాకే మెట్లెక్కడం గురించి మాట్లాడదామన్నారు. శ్రావణంలో రమ్మని మరదలు అప్పుడే పిలిచింది. ఆ శనివారాల రద్దీలో వద్దు, చలికాలంలో వస్తానని చెప్పాను.