రాలిన ఈకకీ పర్మిషన్ కావాలి

ఎమ్మెస్సీ జువాలజీ ప్రాజెక్టుకి కొంగ ఈకలు ఎంచుకున్నానంటే ఇంట్లో అందరూ నవ్వారు. నాకు ఆ పిచ్చి పట్టించింది స్పెయిన్‌లో జరిగిన ఒక గని ప్రమాదం. 1998 ఏప్రిల్ 25న అజ్నాల్‌కోయర్ గని దగ్గర వ్యర్థాలు నిల్వచేసే కట్ట తెగి, ఆమ్లపు నీళ్లూ లోహాల బురదా గ్వాడియమార్ నదిలో పడ్డాయి. దిగువన దోన్యానా చిత్తడి నేలలున్నాయి. ఆ తర్వాత అక్కడి పరిశోధకులు స్టార్క్ కొంగలనీ, నల్ల గద్దలనీ పట్టి రక్తం పరీక్షించారు. వేరే ప్రాంతాల పక్షులకంటే వీటి డీఎన్‌ఏ ఎక్కువ దెబ్బతిని ఉంది.

మన నదిలో లోహాల సంగతి కూడా పక్షినే అడగాలనిపించింది. నీళ్ల శాంపిల్ ఆ పూట సంగతే చెబుతుంది, రాత్రి వానొస్తే లెక్క మారిపోతుంది. పక్షి తిన్నదాంట్లోని లోహాలు మాత్రం ఈక పెరిగేటప్పుడు రక్తం ద్వారా అందులో చేరతాయి. ఈక పూర్తయ్యాక రక్తం అందడం ఆగిపోతుంది, లోపలికి చేరింది అక్కడే ఉండిపోతుంది. అందులోనూ పిల్లల ఈకలైతే మేలు. పెద్ద పక్షి ఏ ఊరి చెరువులో తినొచ్చిందో చెప్పలేం. గూట్లో పిల్లకి మాత్రం దగ్గర్లో దొరికిందే తెచ్చి పెడతాయి.

మా సార్ వెంటనే ఒక మెలిక పెట్టారు. పశువుల వెంట తిరిగే తెల్లకొంగ మిడతలు తింటుంది, దాని ఈక పొలం సంగతి చెబుతుందేగానీ నది సంగతి చెప్పదు. చేపలూ కప్పలూ తినే గుడ్డికొంగ కావాలి. స్వర్ణముఖి నది ఒడ్డున ఒక పల్లెలో చింతచెట్టు నిండా వాటి గూళ్లున్నాయి.

అసలు తిప్పలు అక్కడే మొదలయ్యాయి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం, చచ్చిపడి ఉన్న అడవి పక్షి కూడా ప్రభుత్వ ఆస్తే. ఊరి మధ్య చెట్టైనా సరే, చేతికి దొరికింది సంచిలో వేసుకుని వచ్చేయడానికి లేదు. అప్లికేషన్, ప్రాజెక్టు వివరాలు, గైడ్ లెటర్, డిపార్ట్‌మెంట్ హెడ్ సంతకం, అన్నీ జత చేసి అటవీ శాఖకి ఇచ్చాను. ఫైలు ఒక టేబుల్ మీదే కూర్చుంది. ఏ పక్షి, ఏ చెట్టు, ఎన్ని శాంపిళ్లు అని మళ్లీ రాసిమ్మన్నారు. ఒకవైపు వానలు మొదలై గూళ్లు కట్టేస్తున్నాయి, పిల్లలు ఎగిరిపోతే ఏడాది పోయినట్టే. ఆ టెన్షన్‌లో నాకు అన్నం కూడా సరిగా ఎక్కలేదు. చివరికి అనుమతి వచ్చింది, షరతులతో: చెట్టెక్కకూడదు, గూడు ముట్టుకోకూడదు, కింద పడినవే ఏరుకోవాలి, రిపోర్టు కాపీ ఇవ్వాలి. షరతులు న్యాయమైనవే. ఆలస్యమే న్యాయం కాదు.

చెట్టు కింద వాసన గురించి చెప్పక్కర్లేదు. గాలికి గూట్లోంచి జారి చచ్చిపోయిన పిల్లల ఒంటి మీద గోధుమరంగు చారల ఈకలు, మొదలు దగ్గర ఇంకా మైనంలాంటి తొడుగు ఊడకుండా ఉండేవి. గ్లౌజులేసుకుని వాటిని పీకి కవర్లలో వేస్తుంటే ఒక అవ్వ, "ఏం పాపా, ఈకలేరుకుంటా ఉండావ్? దిండు కుడతావా?" అంది. విషయం చెప్తే, "నీళ్లు చూసుకోకుండా కొంగల్ని చూస్తావా!" అని నవ్వింది కానీ, ఆ మర్నాటి నుంచి పిల్ల పడితే చాలు, కుక్కలు లాక్కెళ్లకుండా గంప బోర్లించి పెట్టేది.

ల్యాబ్‌లో ఎక్కువసేపు పట్టింది కడగడానికే. అసిటోన్, డిస్టిల్డ్ వాటర్, మళ్లీ అసిటోన్. తర్వాత ఓవెన్‌లో ఆరబెట్టి, తూకం వేసి, నైట్రిక్ యాసిడ్‌లో వేడి చేస్తే గోధుమరంగు పొగలు లేస్తాయి, కాసేపటికి ఈక కరిగి పసుపు నీళ్లు మిగులుతాయి. లోహాలు కొలిచేది ఆ నీళ్లలోనే. సార్ కొన్నిటిని కడక్కుండానే కరిగించమన్నారు. సీసం వాటిలోనే బాగా ఎక్కువొచ్చింది. ఆ తేడా పక్షి తిన్నది కాదు, పైన పడ్డ రోడ్డు దుమ్ము. కడగని ఈకని నమ్ముకుంటే లేని కాలుష్యాన్ని నదికి అంటగట్టేవాళ్లం. పాదరసం మాత్రం మా ల్యాబ్‌లోని పరికరానికి అందలేదు, దానికి వేరే అమరిక కావాలి.

వైవాలో ఎక్స్‌టర్నల్ సార్ సూటిగా అడిగారు: "స్వర్ణముఖి మీద గనే లేదు కదమ్మా?" లేదు సార్, కానీ గని ఉన్న నదిలో కట్ట తెగితే పోల్చుకోడానికి తెగకముందు లెక్కైనా ఉండాలి, శుభ్రమైన నది లెక్కైనా ఉండాలి అన్నాను. ఆయన ఇంకేం అడగలేదు, టేబుల్ నంబర్లు సరిచేయమన్నారంతే.

జూనియర్లెవరైనా చేయాలనుకుంటే అప్లికేషన్ వేసవిలోనే పెట్టండి. పక్షి శాస్త్రీయ నామం, చెట్టున్న ఊరు, శాంపిళ్ల సంఖ్య మొదటి పేజీలోనే రాయండి, వెనక్కి పంపరు.