నిండు సైజు చూసి మోసపోయా

రాత్రి అమీర్‌పేట హాస్టల్లో ఆరియా2 అనే డౌన్‌లోడ్ ప్రోగ్రామ్‌తో ఉబుంటు ఐఎస్‌ఓ (ఆ ఆపరేటింగ్ సిస్టమ్ ఇన్‌స్టాల్ ఫైల్) డౌన్‌లోడ్‌కి పెట్టా. ఒకే ఫైల్‌ని నాలుగు మిర్రర్ల (అదే ఫైల్ కాపీ ఉంచే సర్వర్ల) నుంచీ, పైగా టోరెంట్‌లో దాన్ని పంచుకునే వేరేవాళ్ల కంప్యూటర్ల నుంచీ ఏకకాలంలో ముక్కలుగా లాగేస్తుంది. సర్వర్‌కి 16 కనెక్షన్ల దాకా పెంచుకోవచ్చు. నేను 4 దగ్గరే ఆగా, ఊరికే ఇచ్చేవాళ్లని పిండడం ఎందుకని.

అర్ధరాత్రి వాన, కరెంటు పోయింది. పొద్దున చూస్తే ఫైల్ నిండు సైజులో కనిపించింది. అయిపోయిందనుకుని, పక్కనున్న, పేరు చివర .ఆరియా2 అని ఉండే తోక ఫైల్‌ని చెత్తలో పడేశా. తీరా చెక్‌సమ్ (ఫైల్ సరిగ్గా వచ్చిందో లేదో తేల్చే కోడ్) కలవదే! ఆరియా2 డిస్క్‌లో ఫైల్ మొత్తానికీ చోటు ముందే పట్టేసుకుంటుందట. ఏ ముక్క వచ్చిందో, ఏది రాలేదో లెక్కంతా ఆ తోకలోనే. మళ్లీ మొదట్నుంచీ.

రూమ్మేట్ ఇరానీ చాయ్ ఊదుకుంటూ, "నా పెన్‌డ్రైవ్‌లో ఉంది కదరా, అడగొచ్చుగా" అంటున్నాడు.