మిద్దె మీద ప్రోనౌన్ల పాఠం

ఇంగ్లీష్‌లో ప్రోనౌన్లు, అంటే సర్వనామాలు, ఎన్ని రకాలని మా పాపను అడిగితే తెల్లమొహం వేస్తుంది. కడపలో మా వదిన దగ్గరికి ట్యూషన్‌కొచ్చే ఏడో తరగతి పిల్లోణ్ణి అడిగితే వేళ్ళు ముడుస్తూ గుక్క తిప్పుకోకుండా అప్పజెప్తాడు. పర్సనల్, పొసెసివ్, రిఫ్లెక్సివ్, ఎంఫాటిక్, డిమాన్‌స్ట్రేటివ్, ఇంటరాగేటివ్, రెలెటివ్, ఇన్‌డెఫినిట్, డిస్ట్రిబ్యూటివ్, రెసిప్రొకల్. సరే, మీ నాయన ఏం చేస్తాడో ఇంగ్లీష్‌లో చెప్పప్పా అంటే, "మై ఫాదర్ హి ఈజ్ ఆటో డ్రైవర్" అంటాడు.

మేముండేది చికాగో దగ్గర. అమెరికాలో చాలా రాష్ట్రాలు ఏ తరగతిలో ఏం నేర్పాలో చెప్తూ 2010లో వచ్చిన కామన్ కోర్ పద్ధతినే కాస్త అటూ ఇటూగా పాటిస్తున్నాయి. అందులో ప్రోనౌన్లన్నీ ఒకే పాఠంగా ఉండవు. ఒకటో తరగతిలో ఐ, మీ, మై, ఎనీవన్ లాంటివి. రెండులో మైసెల్ఫ్, అవర్‌సెల్వ్స్. నాలుగులో హూ, హూమ్, విచ్. ఆరులో నొక్కి చెప్పే ఎంఫాటిక్ వాడకం. కడపలోనేమో పది రకాలూ ఒకే పట్టికలో దిగుతాయి. పిల్లలు పట్టిక మింగేస్తారు, వాక్యం దగ్గర తడబడతారు. పట్టిక వద్దనను, పరీక్షలో మార్కులు దానికే కదా. కానీ దానికి ఒక సాయంత్రం చాలు. మిగతా రోజులన్నీ మన తెలుగు ఎక్కడ అడ్డం పడుతోందో చూసుకోవడానికి వాడాలి.

మేం సెలవులకు వచ్చేసరికి ఇక్కడ బడులు తెరిచేసి ఉంటాయి. సాయంత్రం అయ్యేసరికి మిద్దె మీద చాపలు పడతాయి. వదిన లెక్కలు చూసుకుంటుంది, ఇంగ్లీష్ నా నెత్తిన పడుతుంది. మా పాప కూడా వచ్చి వాళ్ళ మధ్యలో కూర్చుంటుంది.

ముందు ఆ "మై ఫాదర్ హి" సంగతి. తెలుగులో "వచ్చాడు" అంటే చాలు, ఎవరో ఆ మాటలోనే ఉంది. నేను, వాడు అని విడిగా చెప్పకపోయినా ఎవరికీ లోటు కనిపించదు. "మా నాయన, ఆయన ఆటో తోల్తాడు" అని రెండుసార్లు అన్నా తప్పనిపించదు. ఇంగ్లీష్‌లో క్రియకు ముందు ఒక కుర్చీ ఉంటుంది. అది ఖాళీగా ఉండకూడదు, ఇద్దరు ఎక్కకూడదు. ఇట్ల చెప్తే పిల్లలకు ఠక్కున ఎక్కింది. వెంటనే ఒక పిల్ల లేచి, "మరి ఇట్ ఈజ్ రెయినింగ్‌లో ఇట్ అంటే ఏది ఆంటీ?" అంది. వాన పడుతోంది అనడంలో పడేది వానే. అక్కడ ఇట్ ఏదీ కాదమ్మా, కుర్చీ నింపడానికి కూర్చోబెట్టారంతే అన్నాను. ఆ పిల్ల నోట్‌బుక్‌లో "ఇట్ = ఏదీ కాదు" అని రాసుకుని కింద గీత గీసింది. ఏ గ్రామర్ పుస్తకంలోనూ ఇంత సూటిగా ఉండదు.

మా పాపకు బోల్తా పడే చోట్లు వేరే. "అవ్వ వచ్చాడు" అంటుంది. ఇంగ్లీష్‌లో హి అన్నా షి అన్నా వెనక కేమ్ మారదు కదా, దానికి ఆ లెక్క అలవాటు. అవ్వ వచ్చింది, ఆవు వచ్చింది, బస్సు వచ్చింది అని ట్యూషన్ పిల్లలు దానికి పాటలాగా నేర్పించారు. అవ్వనూ బస్సునూ ఒకే గాటన ఎందుకు కట్టారని అది అడిగిన ప్రశ్నకు మాత్రం వదిన దగ్గరా నా దగ్గరా జవాబు లేదు.

వుయ్ అనే మాటతో ఇంకో తంటా. తెలుగులో వినేవాళ్ళు కూడా ఉంటే మనం, వాళ్ళను వదిలేస్తే మేము. ఇంగ్లీష్‌కు రెండూ వుయ్యే. మా పాప ఒకరోజు అన్నం తింటూ, "అవ్వా, మనం ఆగస్టులో చికాగో పోతున్నాం" అంది. మా అమ్మ సంగటి ముద్ద కలపడం ఆపి, "అట్లనా పాపా, అయితే నన్ను గూడా పిల్చుకపోతాండావా? బట్టలు సర్దుకుంటా ఉండు" అంది. దిద్దుదామని నేను నోరు తెరిచేలోపు అమ్మ నా వైపు ఉరిమి చూసింది. ఆవిడకు ఆ తప్పే నచ్చింది.

ఈ తిప్పలు మా పిల్లకే కాదు. 1820లో బ్రౌన్ దొర ఉద్యోగానికని కడపకు వచ్చినప్పుడు ఆయనకు ఇరవై రెండేళ్ళు కూడా నిండలేదు. పండితుల దగ్గర కూర్చుని తెలుగు నేర్చుకుని, 1840లో ఇంగ్లీష్ వాళ్ళ కోసం తెలుగు వ్యాకరణం అచ్చు వేయించాడు, 1852లో నిఘంటువు తెచ్చాడు. ఆయన బంగళా ఉన్న చోటే ఇప్పుడు గ్రంథాలయం ఉంది. మా పాపను అక్కడికి తీసుకెళ్ళి, ఈయన కూడా మనం, మేము దగ్గర తన్నుకులాడే ఉంటాడు అన్నాను. దానికి కాస్త ధైర్యం వచ్చినట్టుంది.

పొసెసివ్ చెప్పడానికి తెలుగే పెద్ద సాయం. నా పుస్తకం, ఈ పుస్తకం నాది. మై, మైన్. మా ఇల్లు, ఈ ఇల్లు మాది. అవర్, అవర్స్. ఐదు నిమిషాల పని. రిఫ్లెక్సివ్ కూడా అంతే. "అద్దంలో చూసుకుంది" అనడంలో ఆ "కుంది" ఏం చేస్తోందో, హర్‌సెల్ఫ్ అదే చేస్తుంది. చూసేదీ తనే, కనిపించేదీ తనే. ఎంఫాటిక్‌కు మన దీర్ఘం ఉంది కదా, "నేనే చేశా" అన్నట్టు. ఐ మైసెల్ఫ్ డిడ్ ఇట్. మైసెల్ఫ్ తీసేసినా వాక్యం నిలబడితే అది ఎంఫాటిక్, కూలిపోతే రిఫ్లెక్సివ్. ఇది తెలిశాక "మైసెల్ఫ్ ఫలానా" అని పరిచయం చేసుకోవడం పిల్లలు వాళ్ళంతట వాళ్ళే మానేశారు. పెద్దవాళ్ళే మానట్లేదు.

అసలు చెమటలు పట్టించేది రెలెటివ్ ప్రోనౌన్. మనం మామూలుగా మాట్లాడేటప్పుడు దాని అవసరమే రాదు. "నిన్న మా ఇంటికొచ్చిన పిల్లోడు" అంటాం. "వచ్చిన" అనే ఒక్క మాటతో పని జరిగిపోయింది, పిల్లోడు చివర్లో వచ్చాడు. ఇంగ్లీష్‌లో పిల్లోడు ముందు రావాలి, వెనక హూ రావాలి, తర్వాత కథంతా. ద బాయ్ హూ కేమ్ టు అవర్ హౌస్ యెస్టర్డే. అందుకే ఏడో తరగతిలో హూ, విచ్ నిర్వచనాలు బట్టీ పట్టినవాడు కూడా "యెస్టర్డే కేమ్ బాయ్" అని రాస్తాడు. మా పాప తెలుగులో సరిగ్గా తలకిందులుగా, "పిల్లోడు, ఎవరు నిన్న వచ్చాడో" అంటుంది.

అందుకని ట్యూషన్ పిల్లల్నీ మా పాపనూ ఎదురెదురుగా కూర్చోబెట్టాను. వీళ్ళు "పెన్నా గట్టునుండే కోట" అంటే మా పాప "ద ఫోర్ట్ దట్ స్టాండ్స్ ఆన్ ద పెన్నా" అనాలి. అది "ద ఉమన్ హూ సెల్స్ ఫ్లవర్స్" అంటే వీళ్ళు "పూలమ్మే ఆమె" అనాలి. ఎవరు తడబడితే వాళ్ళు కింద నుంచి నీళ్ళ బిందె మోసుకురావాలి. మొదట్లో బిందెలన్నీ మా పాపే మోసింది. తర్వాత తర్వాత అందరికీ వంతు వచ్చింది.

అమెరికాలో ప్రోనౌన్స్ అంటే ఇంకో సంగతి కూడా ఉంది. పేరుతో పాటు నన్ను షి అనండి, నన్ను దే అనండి అని చెప్పుకునేవాళ్ళుంటారు. ఒక్కరి గురించే మాట్లాడుతూ దే అనడం అక్కడ ఎంత వాడుకలోకి వచ్చిందంటే, మెరియం వెబ్‌స్టర్ నిఘంటువు వాళ్ళు 2019లో ఆ మాటనే ఆ ఏడాది మాటగా ఎంచుకున్నారు. మా పాప తన క్లాస్‌లో ఒకరి గురించి ఇట్ల చెప్తుంటే ట్యూషన్ పిల్లలు నోళ్ళు వెళ్ళబెట్టారు. వదిన మాత్రం లెక్కల పుస్తకంలోంచి తల ఎత్తకుండానే, "మీ హెడ్‌మాస్టర్ వచ్చారు అంటారు గదా, ఆయన ఎంతమంది?" అంది. పిల్లలు ఆలోచనలో పడ్డారు.

ఆటో డ్రైవర్ కొడుకు చెయ్యెత్తాడు. "మేడమ్, ఎవ్రీవన్ మస్ట్ బ్రింగ్ అని ఇచ్చి, ఖాళీ పెట్టి, బుక్ అని ఇస్తే, దెయిర్ అని రాస్తే మార్కు వేస్తారా?"

"వేస్తారో లేదో. హిజ్ అని రాసిరా. పాసైనాక మీ ఇష్టం" అంది వదిన.