చెరుకుగడ తగిలిన పన్ను

మా పెద్దమ్మాయి నిశ్చితార్థం ఫోటోలు ఇంటికి వచ్చిన రోజున, నేనున్న ప్రతి ఫోటోలోనూ నా నోరు మూసుకునే ఉందని మా ఆవిడ గమనించింది. ఆనందం లేక కాదు. పై వరుసలో నడిమధ్యనుండే రెండు పళ్ళలో ఎడమవైపుదానికి మూల విరిగింది, ఆపైన అది ఏళ్ళు గడిచేకొద్దీ బూడిదరంగుకు తిరిగింది. ఆ పన్ను కనబడకుండా పై పెదవిని కిందికి లాక్కుని నవ్వడం నాకు ఎంతగా అలవాటైపోయిందంటే, అది అలవాటని కూడా నేను మరచిపోయాను. పెళ్ళికి ఆరు నెలల వ్యవధి ఉంది గనుక, ఈలోగా దాని సంగతి తేల్చుకోమని ఇంట్లో అందరూ పట్టుబట్టారు.

విరిగిన కథ చిన్నదే. నాకు పన్నెండేళ్ళప్పుడు కనుమనాడు కోనసీమలోని జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళ్ళాము. వెదుళ్ళతో కట్టి, అలంకరించి భుజాల మీద మోసుకొచ్చే గంగలకుర్రు ఊరి ప్రభలు కౌశిక కాలువను దాటి వస్తుంటే అందరూ అటే చూస్తున్నారు, నేను మాత్రం చెరుకుగడ గనుపు దగ్గర పళ్ళతో పట్టి లాగుతున్నాను. రెండో కొసను పట్టుకున్న మా పెదనాన్నగారి అబ్బాయి సరదాకు ఒక్కసారి తోశాడు. గడ వచ్చి పంటికి తగిలింది, మూల ముక్క ఊడి ఎక్కడో పడిపోయింది. రెండు రోజులు చన్నీళ్ళు తాగితే జివ్వుమంది, ఆ తరువాత ఏమీ తెలియలేదు. ఏమీ తెలియకపోవడమే అసలు ప్రమాదమని ముప్పై అయిదేళ్ళ తరువాత తెలిసింది. పన్ను పుచ్చకుండానే చచ్చిపోవచ్చు. దెబ్బ గట్టిగా తగిలినప్పుడు వేరు కొసలోంచి లోపలికి పోయే సన్నని రక్తనాళాలు తెగిపోతాయి. లోపలి మెత్తని కణజాలం క్రమంగా నశించి, అందులోని రక్తవర్ణకాలు విరిగి, పంటి పైనుండే పింగాణి పొర (ఎనామెల్) కిందనుండే భాగంలోని సన్నని గొట్టాల్లోకి ఇంకుతాయి. నా పంటికి వచ్చిన బూడిదరంగు పైనుంచి పట్టిన మరక కాదన్నమాట, లోపలినుంచి ఊరినది. దాన్ని ఎంత తోమినా ఏం లాభం?

మొదట నేను వెళ్ళిన చోటి పేరు రాయను. గోడనిండా తెల్లటి నవ్వుల బొమ్మలు, రిసెప్షన్‌లో స్మైల్ ప్యాకేజీల పట్టిక ఉన్నాయి. నా నోరు రెండు నిమిషాలు చూసి, ఒక్క పన్నుకు క్యాపు వేస్తే పక్కవాటితో రంగు కలవదని, ముందున్న ఆరు పళ్ళకూ జిర్కోనియా అనే గట్టి తెల్లటి పదార్థంతో చేసిన క్యాపులు వేస్తే సినిమా నటుడిలా ఉంటానని చెప్పారు. ఒక్కొక్కటి తొమ్మిది వేలు, మొత్తం యాభై నాలుగు వేలు. అంబాజీపేటలో కొబ్బరి వ్యాపారుల దగ్గర లెక్కలు రాసుకునేవాణ్ణి కాబట్టి, డబ్బు లెక్క నాకు వెంటనే అందింది. అందనిది మరొకటుంది. క్యాపు కూర్చోవాలంటే పన్నును చుట్టూ మిల్లీమీటరు, మిల్లీమీటరున్నర మేర అరగదీయాలి. పంటి పైనుండే పింగాణి పొరలో జీవకణాలు ఉండవు. అరగదీసినది ఈ జన్మలో తిరిగి పెరగదు. చెడిన ఒక్క పన్ను కోసం బాగున్న అయిదింటిని మొద్దులుగా చెక్కించుకోబోయానని ఇంటికి వచ్చి నెమ్మదిగా ఆలోచించాకగాని నాకు అర్థం కాలేదు.

తొందరపడకపోవడానికి మరో కారణం మా అమ్మ. చాలా ఏళ్ళ కిందట ఆవిడకు ముందు పన్ను ఊడితే, ఊరికి వచ్చే ఒక మనిషి అరగంటలో పొడీ ద్రవమూ కలిపిన ప్లాస్టిక్ ముద్దతో పన్ను నిలబెట్టి, అటూ ఇటూ ఉన్న పళ్ళకు అతికించేసి వెళ్ళాడు. అతనికి డిగ్రీ ఉందో లేదో ఎవరూ అడగలేదు. ఆ ముద్ద కిందికి బ్రష్షు వెళ్ళే దారి లేదు. రెండేళ్ళు తిరక్కుండానే చిగురు చీము పట్టి, ఆధారమిచ్చిన రెండు పళ్ళూ కదిలిపోయాయి. ఒకటి పోయినచోట మూడు పోయాయి.

అమలాపురంలో ఒక చిన్న క్లినిక్ గురించి మా మార్కెట్టులోని ఒకాయన చెప్పారు. మేడ మీద రెండు గదులు, ఒక కుర్చీ, ఒక డాక్టరమ్మ, ఒక సహాయకుడు. నా కూతురికన్నా ఏడెనిమిదేళ్ళు పెద్దదై ఉంటుంది ఆవిడ. నేను నా ముందు పన్ను గురించి చెబుతుంటే విన్నారు గాని, మొదటి రోజున ఆ పన్నును ముట్టుకోనే లేదు. కొస మొద్దుగా ఉండి, గీతలు గీసిన సన్నని కడ్డీతో ఒక్కొక్క పంటి చుట్టూ చిగురు అంచున తడుముతూ, "మూడు, రెండు, మూడు... అయిదు, నాలుగు, అయిదు..." అని అంకెలు చదువుతూ పోయారు. సహాయకుడు "ఆయ్, ఆయ్" అంటూ కాగితం మీద వేసుకుంటున్నాడు. చిట్టాపద్దు రాసేవాడికి ఇంతకన్నా తెలిసిన దృశ్యం ఏముంటుంది? ఆ అంకెలు చిగురుకూ పంటికీ మధ్యనున్న సందు లోతట, మిల్లీమీటర్లలో. మూడు దాకా పరవాలేదు. నాలుగు దాటితే లోపల గార చేరి, పన్నును పట్టి ఉంచే ఎముక తరుగుతోందేమో చూసుకోవాలి. నాకు కింది ముందు పళ్ళ దగ్గరా, దవడ పళ్ళ దగ్గరా అయిదులు చాలా వచ్చాయి.

"ముందు చిగుళ్ళండీ, అందం సంగతి తరవాత చూద్దాం. బురదలో గోడ కట్టి సున్నం వేస్తే ఏం లాభం?" అన్నారావిడ. తరువాత షుగరు ఉందా అని అడిగారు. ఉందన్నాను. మూడు నెలల సగటు పరీక్ష చేయించుకు రమ్మన్నారు. అది 8.4 వచ్చింది. షుగరు అదుపులో లేకపోతే చిగుళ్ళ జబ్బు ముదురుతుందనీ, చిగుళ్ళ జబ్బు ముదిరితే షుగరు అదుపులోకి రావడం మరింత కష్టమవుతుందనీ, రెండూ ఒకదాన్నొకటి ఎగదోస్తాయనీ ఆవిడ చెప్పేదాకా, ఆరేళ్ళుగా మాత్రలు మింగుతున్న నాకు తెలియదు. మరొక మాట కూడా నన్ను ఆశ్చర్యపరచింది. మా తాతగారు లంక పొగాకు చుట్ట కాల్చేవారు, తన చిగుళ్ళ నుంచి ఏనాడూ చుక్క రక్తం రాలేదని గొప్పగా చెప్పుకునేవారు. పొగాకు చిగురులోని రక్తనాళాలను ముడుచుకుపోయేలా చేస్తుంది కాబట్టి, జబ్బున్నా రక్తం కనబడదట. యాభై అయిదేళ్ళకే ఆయన నోట్లో కట్టుడు పళ్ళు ఎందుకొచ్చాయో నాకు అప్పుడు బోధపడింది.

రెండు విడతలుగా గార తీశారు. క్లీనింగ్ చేయిస్తే పళ్ళు కదులుతాయని మా వైపు గట్టి నమ్మకం, నేనూ అదే భయంతో కుర్చీ ఎక్కాను. నిజానికి తరువాతి వారంలో కింది పళ్ళ మధ్య సందులు కనిపించాయి, నాలుకకు కొత్తగా తగిలాయి కూడా. ఆ సందులు అంతకు ముందునుంచీ ఉన్నవే, గార వాటిని పూడ్చి ఉంచింది, వాచిన చిగురు పైన కప్పి ఉంచింది, అంతే. రెండు నెలలు గడిచాక మళ్ళీ కడ్డీతో కొలిస్తే అయిదుల్లో చాలావరకు మూడుకు దిగాయి. షుగరు సగటు 7.1కి వచ్చింది. అది కేవలం పళ్ళవల్లే వచ్చిందని అనను, ఈలోగా రాత్రిపూట అన్నం మానేశాను.

ఆ తరువాతగాని నా బూడిదరంగు పన్ను వంతు రాలేదు. చల్లటి స్ప్రే కొట్టిన దూదిని పక్క పంటికి ఆనిస్తే గిలగిలలాడాను, దీనికి ఆనిస్తే ఉలుకూ పలుకూ లేదు. ఎక్స్-రేలో వేరు కొస దగ్గర కందిగింజంత నల్లటి నీడ కనబడింది, ఒక్కనాడైనా నొప్పి పెట్టని పంటికి. రూట్ కెనాల్ చేశారు. మా ఊళ్ళో దీన్ని "నరం లాగడం" అంటారు గాని, నా పంటిలో లాగడానికి ఏమీ మిగలలేదు. ఉన్న కుళ్ళును కడిగి, ఆ సొరంగాన్ని గట్టా పెర్చాతో నింపారు. అది ఒక జాతి చెట్టు పాల నుంచి వచ్చే పదార్థమట.

ఇక్కడ డాక్టరమ్మ చేసినది నాకు నచ్చిన పని. క్యాపు మాట ఎత్తకుండా, పన్నును లోపలినుంచే తెల్లబరుస్తామన్నారు. వెనకవైపున్న రంధ్రంలో, గట్టా పెర్చా మీద సిమెంటు పొర ఒకటి అడ్డుగా వేసి, సోడియం పెర్బొరేట్ పొడిని నీటితో తడి ఇసుకలా కలిపి, చిన్న పరికరంతో లోపల కూరి, పైన తాత్కాలికంగా మూసి పంపించేశారు. మందు నోట్లోనే ఉండి తన పని తాను చేసుకుంటుంది, మనం మార్కెట్టుకు వెళ్ళి మన పని మనం చేసుకోవచ్చు. వారానికొకసారి మార్చారు. మొదటి వారం తేడా లేదు, రెండో వారానికి బూడిద కాస్తా పలచని తేనెరంగైంది, మూడోసారికి పక్కపంటితో దాదాపు కలిసిపోయింది. వేడి పెట్టి, ఘాటైన పెరాక్సైడ్ పోసి ఒక్కరోజులో చేసే పద్ధతి కూడా ఒకటుందని, దానివల్ల పంటి మెడ దగ్గర వేరు కరిగిపోయే ప్రమాదం ఎక్కువని చెప్పి, ఆ జోలికి పోలేదావిడ.

విరిగిన మూలను వెంటనే కట్టమంటే, రెండు వారాలు ఆగమన్నారు. తెల్లబరిచే మందు వదిలిన ఆక్సిజన్ పంటిలో కొన్నాళ్ళు ఉంటుందట, అది పూర్తిగా పోకముందే మూల కట్టే పంటిరంగు ముద్దను, అంటే కాంపోజిట్‌ను, వేస్తే సరిగా అతుక్కోదట. ఆ పని చేసిన రోజున నన్ను మొదట కాలువ వైపు కిటికీ దగ్గర నిలబెట్టారు. పదహారు నమూనా పళ్ళు గుచ్చిన పట్టీ ఒకటి తెచ్చి, పగటి వెలుతురులో, నోరు తడిగా ఉండగానే రంగు ఎంచారు. నోరు తెరిచి కాసేపుంటే పళ్ళు ఆరి, ఉన్నదానికన్నా తెల్లగా కనబడతాయి కాబట్టి, రంగు చూడడం మొదటి పనిగా పెట్టుకుంటారట. నాది ఆ పట్టీలోని ఎ3 అనే రంగని తేలింది. ఇంకాస్త తెల్లగా వేయమని అడిగాను. "మిగతా పళ్ళు మీ వయసువేనండీ, ఇది ఒక్కటీ పెళ్ళికొడుకు పన్నులా ఉంటే బాగోదు," అన్నారు. నీలిరంగు జెల్ పూసి కడిగి, పొర పొరగా పెట్టి, ఒక్కొక్క పొర మీదా నీలికాంతి ఇరవై సెకన్లు పట్టి గట్టిపరచి, చివర నునుపు చేయడానికి నలభై నిమిషాలు పట్టింది. పక్క పంటి మీదున్న సన్నని నిలువు గీతను కూడా దీని మీద దించారు. అద్దంలో అతుకు ఎక్కడుందో నేను ఇప్పటికీ పట్టుకోలేను.

చిగుళ్ళతో సహా అన్నిటికీ కలిపి తొమ్మిది వేల చిల్లర అయింది. అదీ భారమనుకునేవారికి చించినాడ వంతెన దాటి పాలకొల్లు మీదుగా వెళితే భీమవరంలో విష్ణు డెంటల్ కళాశాల ఉంది. ఇటువంటి కళాశాలల్లో అధ్యాపకులు దగ్గరుండగా విద్యార్థులు చికిత్స చేస్తారు, సమయం ఎక్కువ పట్టినా ఖర్చు తక్కువ అవుతుంది. నిమ్మరసం, ఉప్పు, బొగ్గుపొడి రుద్ది తెల్లబరచుకుందామని చూసే మా మార్కెట్టు కుర్రాళ్ళకు మాత్రం గట్టిగానే చెబుతున్నాను. పులుపు పింగాణిని మెత్తబరుస్తుంది, పొడి దాన్ని గీకేస్తుంది, గీకగా గీకగా కింది పసుపు పొర బయటపడి పన్ను మరింత పచ్చగా కనబడుతుంది.

ఈ రంగు కలకాలం ఉంటుందని డాక్టరమ్మ చెప్పలేదు. కొన్నేళ్ళకు కొంచెం మసకబారితే మళ్ళీ అదే పొడి పెట్టవచ్చన్నారు, కాంపోజిట్ మూల ఊడితే మళ్ళీ కట్టవచ్చన్నారు. ఆరు నెలలకు తీసిన ఎక్స్-రేలో కందిగింజంత నీడ ఆవగింజంతకు తగ్గింది. సంక్రాంతి వెళ్ళాక మళ్ళీ రమ్మన్నారు. తీర్థంలో చెరుకు తినవచ్చా అని అడిగితే, చెక్కు తీసి ముక్కలు కోయించుకుని దవడ పళ్ళతో నమలమన్నారు, రెండో కొస ఎవరికీ ఇవ్వవద్దన్నారు.